ఒల్లననిన గుమాస్తా

1853వ సంవత్సరము నవంబరు, డిసెంబరు నెలలలో న్యూయార్కు నగరమునుండి వెలువడుచుండిన 'పుట్నామ్స్ మంత్లీ' యను మాసపత్రికయందు రెండు భాగములుగా నొక కథ ప్రకటింపబడెను. రచయిత పేరు దానిపై లేదు. కథ పేరు 'లేఖకుడగు బార్టిల్బీ'. దాని క్రింద 'వాల్ స్ట్రీటు కథ' యని యొక ఉపశీర్షిక. వాల్ స్ట్రీటనగా గోడవీధి. పూర్వము డచ్చివారు తమ రక్షణకై యచ్చట కట్టుకొనిన గోడవలన నా వీధికి నా పేరు వచ్చినది. కాలక్రమమున గోడ పోయినది, పేరు నిలిచినది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమునకు నది బ్యాంకులకును, బీమా కంపెనీలకును, వానికి దస్తావేజులు సిద్ధపరచు వకీళ్లకును నిలయమైనది. ఈ కథలో మాత్రము గోడలు మరల లేచినవి. కథానాయకుడు పనిచేయు కిటికీకి ఎదురుగా మూడడుగుల దూరమున నొక గోడ. చివరకు మరణించునది మరియొక గోడ మొదట.

కథ చెప్పువాడు గుమాస్తా కాడు, యజమాని. ఈ సంగతిని చదువరులు తొలుతనే మనస్సునందుంచుకొనుట మంచిది. ఆయన అరువదేండ్లకు సమీపించిన వకీలు. న్యాయస్థానమున నిలిచి వాదించువాడు కాడు. ధనికుల తనఖాపత్రములు, బాండ్లు, హక్కుపత్రములు చూచుకొనుచు నిమ్మళముగా కాలము గడపువాడు. తన జాగ్రత్తను జాన్ జేకబ్ ఆస్టరు మెచ్చుకొనెనని చెప్పుకొని మురియును. ఆస్టరు 1848లో మరణించునాటికి అమెరికాలో నాతనిని మించిన ధనికుడు లేడు. కథారంభమున ఈ శాంతమూర్తి యొక్కచోట మాత్రము ఉగ్రుడగును. చాన్సరీ న్యాయస్థానమున నాయనకు మాస్టరను పదవి యొకటి లభించియుండెను. శ్రమ తక్కువ, రాబడి యెక్కువ. 1846 నాటి న్యూయార్కు రాజ్యాంగము ఆ న్యాయస్థానమునే రద్దుచేసినది. యావజ్జీవము అనుభవింపదలచిన యాదాయము కొలదియేండ్లలో తెగిపోయెనని ఆయన దుఃఖము. ఉన్న జీవనాధారము ఊడిపోవుట యెట్టిదో తెలిసినవాడే ఆయన యని మనము గమనింపవలెను.

ఆయన కార్యాలయములో మొదట ముగ్గురు. వారికి పేర్లు లేవు, మారుపేర్లు మాత్రము కలవు. టర్కీ, అనగా సీమకోడి, యజమాని యీడువాడగు ముదుసలి గుమాస్తా. ఉదయమంతయు చక్కగా వ్రాసి, మధ్యాహ్నభోజనము ముగిసిన పిమ్మట ముఖమెఱ్ఱబారి కాగితములపై సిరాబొట్లు రాల్చును. నిప్పర్స్ అను పడుచువానికి అజీర్ణవ్యాధి. ఉదయమంతయు చిరచిరలాడుచు తన బల్లయెత్తు సరిపోలేదని క్రింద చెక్కముక్కలు దూర్చుచుండును, మధ్యాహ్నమునకు నెమ్మదించును. ఇట్లు ఇద్దరినుండియు కలిసి దినమున కొక మంచి గుమాస్తా దొరకుచున్నాడని వకీలు లెక్కవేసికొనును. మూడవవాడు పండ్రెండేండ్ల బాలుడు. వారమునకు డాలరు కూలి; తక్కినవారికి అల్లపు బిస్కత్తులు తెచ్చిపెట్టుటచే వానికి జింజర్ నట్ అని పేరు. వాని తండ్రి బండితోలువాడు. తన కొడుకు బండిపై గాక న్యాయపీఠముపై కూర్చుండుట చూడవలెనని కోరి వకీలునొద్ద చేర్చినాడు. ఈ తండ్రిని గూర్చి కథలో నొక్క వాక్యమునకు మించి లేదు. మాకు మాత్రము ఆ బండివాడు తఱచు జ్ఞప్తికి వచ్చుచుండును. పిల్లలను బడిలో నప్పగించి పోవు తండ్రులలో నట్టివారిని మేము పలువురను జూచితిమి.

అట్టి చోటికి బార్టిల్బీ వచ్చును. పాలిపోయిన ముఖము, శుభ్రమైన వేషము, దిక్కులేనివాని చూపు. వకీలు అతనిని తన గదిలోనే యొక మూలను కూర్చుండబెట్టి, తన కంటికి కనబడకుండ, పిలిచిన పలుకునట్లు, నడుమ నొక పచ్చని తెరను నిలిపెను. మొదటి రెండు దినములు బార్టిల్బీ పగలు సూర్యుని వెలుతురునను, రాత్రి కొవ్వొత్తి వెలుతురునను ఎడతెగక వ్రాసెను. మూడవ దినమున వకీలు తొందరలో నొక చిన్న పత్రము సరిచూడవలసివచ్చి, తలయెత్తకయే ప్రతిని చేతబట్టి పక్కకు చాచి అతనిని పిలిచెను. తెరవెనుకనుండి మెత్తని గొంతుతో, మర్యాదగా, నిరాకరణము వినవచ్చెను.

ఆ నిరాకరణవాక్యమును తెనిగింప మేము పలుమారులు యత్నించి విఫలులమైతిమి. 'చేయను' అనినచో ధిక్కారమగును. 'చేయలేను' అనినచో అశక్తత యగును. 'నాకిష్టము లేదు' అనినచో మనస్సులోని విముఖతను బయటపెట్టినట్లుండును. మన కావ్యభాషలోని 'ఒల్లను' అను మాట కొంత దగ్గరకు వచ్చునుగాని, ఆ మాటలో నొక పట్టుదల, యొక వేడి కలదు. బార్టిల్బీ వాడిన ప్రిఫర్ అను క్రియ రెండింటిలో నొకదానిని మేలుగా నెంచుటను జెప్పునది. సీమదొరలు విందునందు కాఫీయా, తేనీరా యని యడిగినప్పుడు వాడదగిన నాగరకమైన మాట. ఉద్యోగి యజమానితో వాడుటకు పుట్టిన మాట కాదు. యజమాని ఆజ్ఞ యిచ్చెను. గుమాస్తా దానిని ఆహ్వానముగా మార్చి, ఆ ఆహ్వానమును వినయముతో త్రోసిపుచ్చెను. కోపించుట కందులో పట్టు దొరకదు. ఇంకొక సంగతి. తెలుగున వ్రాయునపుడు మేము వకీలును 'ఆయన' యనియు, గుమాస్తాను 'అతడు' అనియు వ్రాయుచున్నాము. ఇంగ్లీషున ఇద్దరికి నొకటే సర్వనామము. కావున నచ్చట హెచ్చుతగ్గులన్నియు క్రియలలోనే దాగియుండును. బార్టిల్బీ ఆ క్రియనే పట్టుకొన్నాడు.

అతడు నిరాకరించిన పనియెట్టిదో తెలిసికొనకుండ ఈ కథ బోధపడదు. టైపురైటరు యంత్రము అమెరికాలో విక్రయమునకు వచ్చినది 1874లో. అంతకు ముందు న్యాయపత్రములకన్నిటికిని నకళ్లు చేతితో వ్రాయవలసినదే. ఒక్కొక్క పత్రమునకు మూడు నాలుగు ప్రతులు కావలెను. వ్రాసిన పిమ్మట ఒకడు అసలు చదువుచుండగా తక్కినవారు తలకొక నకలు పట్టుకొని మాట మాటను సరిచూడవలెను. అర్థముతో పనిలేదు, అక్షరముతోనే పని. పాఠశాలలో నలువది వ్రాతపుస్తకములు వరుసగా దిద్దిన రాత్రి మాకును కొంత తెలిసినది: కన్ను చదువుచునేయుండును, మనస్సు లేచిపోవును. మన దేశమున తాళపత్రములను ప్రతివ్రాసిన లేఖకులు గ్రంథాంతమున నడుము విరిగినదనియు, మెడ వంగిపోయినదనియు, తప్పులున్న మన్నింపవలెననియు నొక శ్లోకమును చేర్చుట వాడుక. తన పేరును, ఊరును, తిథివారములును వ్రాసికొన్నవారు కలరు. ఆ యొక్క శ్లోకము మేర లేఖకుడు మనుష్యుడుగా మనకు కనబడును. వాల్ స్ట్రీటు లేఖకునకు అట్టి తావు లేదు. దస్తావేజు చివర సంతకము కక్షిదారునిది, సాక్ష్యము సాక్షులది. వ్రాసినవాడెవ్వడో తెలిసినచో అది లోపమే.

కూలి నూరు మాటలకు 4 సెంట్లని కథలోనే యున్నది. ఈ కథ పొడవు సుమారు 14 వేల మాటలు. అనగా దీనినే నకలు వ్రాయుమని బార్టిల్బీ కిచ్చినచో అతనికి ముట్టునది 5 డాలర్ల 60 సెంట్లు. కథ వ్రాసిన గ్రంథకర్తకు ఆ పత్రిక యిచ్చినది అచ్చుపుట యొక్కంటికి 5 డాలర్లు. ఇది అన్యాయమని మేమనుట లేదు. అయినను ఆ గ్రంథకర్తకు ఈ రెండు ధరలును తెలిసియుండెను.

ఆ గ్రంథకర్త హెర్మన్ మెల్విల్. 1819లో న్యూయార్కున జన్మించెను. 1832లో తండ్రి అప్పులపాలై మరణింపగా, పండ్రెండేండ్ల ప్రాయమున చదువు మానిపించి ఆల్బనీ నగరములో నొక బ్యాంకున గుమాస్తాగా చేర్చిరి. తరువాత అన్నగారి బొచ్చుటోపీల దుకాణమున లెక్కలు వ్రాసెను. అది 1837 నాటి ఆర్థికసంక్షోభములో మునిగిపోయెను. కొలదినాళ్లు మా వృత్తిని గూడ నవలంబించెను, దానను నిలువలేదు. 1841లో తిమింగిలముల వేటాడు ఓడనెక్కి, మరుసటి యేడు జూలైలో పసిఫిక్కు సముద్రములోని నూకుహీవా ద్వీపమున ఓడ విడిచి పారిపోయెను. ఒప్పందము ముగియకుండ నావికుడు ఓడ దిగిపోవుట నేరము. అదియు నొక నిరాకరణమే. కాని యతనికి పారిపోవుటకు ద్వీపమున్నది. ఆ ద్వీపవాసమే 1846లో 'టైపీ' యను గ్రంథమై పేరు తెచ్చినది. 1851లో వచ్చిన 'మోబీ డిక్' ఆ కాలపువారికి రుచింపలేదు, 1852 నాటి 'పియెర్' బొత్తిగా దెబ్బతినెను. అప్పుడు కుటుంబపోషణకై పత్రికలకు చిన్నకథలు వ్రాయ మొదలిడెను. వానిలో మొదటి వరుసలోనిది ఈ కథ.

అతడు ఓడ దిగిన 1842వ సంవత్సరముననే, ముందు మామగారు కాబోవు మహనీయుడు రెండు తీర్పులు చెప్పెను. మెల్విల్ 1847లో వివాహమాడిన ఎలిజబెత్తు, మాసచూసెట్సు రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా కుమార్తె. 'టైపీ' షాకే అంకితము. మెల్విల్ 1850లో పిట్స్‌ఫీల్డు దగ్గర ఇల్లు కొన్నప్పుడు ధనసాహాయ్యము చేసినవాడును షాయే. ఆ తీర్పులలో మొదటిది కామన్వెల్తు వర్సెస్ హంట్ అను వ్యాజ్యములోనిది. బోస్టను నగరపు బూట్లు కుట్టు పనివారు సంఘముగా నేర్పడి, తమ సంఘమున చేరనివానిని పనిలో నుంచుకొను యజమానియొద్ద తాము పనిచేయమని కట్టుబాటు చేసికొనిరి. క్రింది న్యాయస్థానము దీనిని కుట్రగా నెంచి శిక్షించెను. అప్పటి యాచారమదియే, 1836లో న్యూయార్కు దర్జీపనివారికి ఇట్టి నేరమునకే జుల్మానాలు పడెను. షా ఆ యాచారమును త్రోసిపుచ్చి, ఉద్దేశమో, అవలంబించిన మార్గమో నేరము కానిచో పలువురు కూడి పనిచేయమనుట నేరము కాదని తీర్పు చెప్పెను. అమెరికా పనివారల చరిత్రలో నిది గొప్ప మైలురాయి.

రెండవది ఫార్వెల్ అను ఇంజను తోలువాని వ్యాజ్యము. తోటి పనివాని యజాగ్రత్తవలన రైలుబండి పట్టాలు తప్పి అతని చేయి నలిగిపోయెను. నష్టపరిహార మడుగగా షా ఇచ్చుటకు వీలులేదనెను. పనిలోని యపాయములకు ఒప్పుకొనియే పనివాడు చేరినాడనియు, హెచ్చుకూలి యందుకే యనియు ఆయన తర్కము. ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. గుంపుగా నిలిచి కాదనువానికి చట్టము దారి యిచ్చినది. ఒంటరిగా దెబ్బతిన్నవానితో, నీవు ఒప్పుకొన్నావుగదా యనినది. పిమ్మట 1851లో జార్జియానుండి పారిపోయి వచ్చిన థామస్ సిమ్స్ అను బానిస బోస్టనున పట్టుబడెను. న్యాయస్థానము చుట్టును ఇనుపగొలుసులు కట్టి కాపలా పెట్టిరి. బానిసత్వమును మనసార నసహ్యించుకొనువాడే యయ్యును, షా 1850 నాటి చట్టమునకు లోబడి అతనిని విడిపింప నిరాకరించెను. సిమ్స్‌ను మరల ఓడనెక్కించి జార్జియాకు పంపిరి.

మెల్విల్ ఈ తీర్పులను మనస్సునందుంచుకొనియే కథ వ్రాసెనని మేము చెప్పజాలము. కాని మంచి మనస్సుగల న్యాయవేత్త యెట్లాలోచించునో అతడు భోజనపుబల్లయొద్ద చూచియుండెను. ఆ కంఠస్వరమునే కథలోని వకీలునకు కొంత యిచ్చెనేమో యని మా యనుమానము.

మా విద్యార్థులకు ఈ కథ చెప్పునపుడు ప్రతి తరగతిలోను ఎవ్వడో యొకడు, ఆ వకీలు మంచివాడా, కాడా యని యడుగును. మంచివాడే. అందుననే ఈ కథ కష్టముగా నున్నది. వేరొక యజమానియైనచో నాడే మెడబట్టి గెంటును; అప్పుడు కథ లేదు, మనకు ఆ యజమానిపై కోపము వచ్చును, పుస్తకము మూసి పరుండుదుము. ఈయన ఓర్చుకొనును. ఓర్చుకొనుటవలన తనకెంత లాభమో గూడ చూచుకొనును. ఈ యభాగ్యుని భరించినచో ఖర్చు స్వల్పము, అంతరాత్మకు తీపి మిగులునని తనలో ననుకొనును. ధనికుల తనఖాలు చూచుకొన్న మనస్సు దయను గూడ ఖాతాపుస్తకములోనే వ్రాసినది.

ఒక ఆదివారము వకీలు ట్రినిటీ చర్చిలో నొక పేరుపొందిన బోధకుని ప్రసంగము వినబోవుచు, త్రోవలో కార్యాలయము తొంగిచూడబోగా లోపలనుండి తాళముచెవి అడ్డుపడును. బార్టిల్బీ తలుపు కొంచెము తెఱచి, అప్పుడు లోనికి రానీయజాలనని చెప్పి, నాలుగు వీధులు తిరిగి రమ్మనును. యజమాని అట్లే తిరిగి వచ్చును! వచ్చి చూడగా నందొక కంబళి, ఒక సబ్బుబిళ్ల, చినిగిన తువాలు, అల్లపు బిస్కత్తుల పొడి, జున్నుముక్క. అతనికి వేరే యిల్లు లేదు. వారమంతయు జనముతో క్రిక్కిరిసి ఆదివారమున శ్మశానమువలె నుండు వీధిలో నతడొక్కడే కాపురముండెను. బల్లసొరుగున పాతచేతిగుడ్డలో ముడివేసిన డబ్బు కనబడును, కూలిలో మిగిల్చినది. ఆ ముడిని చూచినప్పుడు వకీలు హృదయము కరగును. పిదప పుటలోనే ఆ జాలి భయముగను, భయము అసహ్యముగను మారును. దుఃఖము కొంతమేర వరకే మన హృదయమును కదలించుననియు, దానిని తొలగించుట మన చేతగాదని తెలిసినంతనే మనము దూరముగా జరుగుదుమనియు ఆయనయే ఒప్పుకొనును. ఇంత నిజము చెప్పిన యజమాని ఇంగ్లీషు కథలలో మాకు వేరొకడు కనబడలేదు. ఆ దినమున నాయన చర్చికి పోలేదు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. బార్టిల్బీ సరిచూచుటయే గాక వ్రాయుటయు మానివేయును. ఎందుకనగా, కారణము మీకే కనబడుట లేదా యను ధోరణిలో బదులు చెప్పును. వకీలు అతని కన్నులు చూచి, ఆ మసక కిటికీ యొద్ద వ్రాసి వ్రాసి దృష్టి చెడినదని తలచి, కొన్నాళ్లు విశ్రమింపుమనును. ఫార్వెల్ చేయి మనకు జ్ఞప్తికి రావలసినది ఇచ్చటనే. వకీలు నష్టపరిహార మనడు, దానము చేయును. రావలసిన కూలి 12 డాలర్లు. మఱి 20 కలిపి 32 బల్లపై పెట్టి పొమ్మనును. బార్టిల్బీ ముట్టడు, పోడు. గెంటుటకు మనసొప్పని వకీలు తానే కార్యాలయమును వేరొక చోటికి మార్చుకొనును! క్రొత్తగా నద్దెకు వచ్చినవారును, భవనపు యజమానియు కలిసి పోలీసులకు అప్పగింతురు. నేరము దేశదిమ్మరితనము. నిలిచిన చోటినుండి కదలనివానిని దిమ్మరియనుట వింతగా లేదా? వకీలునకే ఈ వింత ముందుగా తోచినది. చెరసాల 1838లో ఈజిప్టుశిల్పపురీతిలో కట్టినది. జనులు దానిని సమాధులని పిలిచెడివారు. వకీలు అచ్చటి వంటవానికి డబ్బిచ్చి మంచి భోజనము పెట్టుమనును. బార్టిల్బీ భోజనమును గూడ నొల్లడు. కొన్ని దినములకు ముంగిటిగోడ మొదట ముడుచుకొని పడియుండి మరణించును.

ఇతడు కార్మికవీరుడని వాదించువారు కలరు. 2011లో ధనికుల పెత్తనమునకు వ్యతిరేకముగా వాల్ స్ట్రీటు చెంత జనులు గుమిగూడినపుడు ఈ కథను బహిరంగముగా చదివిరి. చదువుట మెచ్చదగినదే. అయినను సమ్మె చేయువాడు ఏదో యొకటి కోరును. కూలియో, విశ్రాంతియో, గౌరవమో. బార్టిల్బీ యేమియు కోరడు. దుకాణపు గుమాస్తాపని, సారాయంగడి పని, ధనికులపిల్లలకు తోడుగా దేశాటనము, ఇన్నిటిని వకీలు చూపగా నొక్కటియు నొప్పుకొనడు. షా తీర్పున పనివారి సంఘమునకు దొరకిన రక్షణ ఇతనికి వర్తింపదు. ఒంటరిగా, కారణము చెప్పక, ఎవ్వరిపైనను కోపము లేక కాదనువానికి చట్టములో నధ్యాయము లేదు. వకీలు దయలోను లేదు, ఏలనన ఆ దయకు కారణము కావలెను. పిచ్చివాడనుట మిగిలిన మార్గము. వకీలు ఇంచుమించుగా నా నిర్ణయమునకే వచ్చెను. కాని అది యజమానులకు సౌకర్యమైన రోగనిదానమని మా యభిప్రాయము.

వకీలు ఒకచోట ఈ ప్రవర్తనమునకు పాసివ్ రెసిస్టెన్స్ అను మాట వాడును. భారతీయులమగు మన మా మాటయొద్ద ఆగకుండ నుండలేము. 1846లో పన్ను కట్టనని ఒక రాత్రి చెరలో నున్న థోరో 1849లో ఆ విషయమై వ్యాసము ప్రకటించెను. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో దానిని చదివి తన పత్రికయగు 'ఇండియన్ ఒపీనియన్'లో పాఠకులకు పరిచయము చేసెను. తన యుద్యమమునకు పాసివ్ రెసిస్టెన్స్ అను పేరు చాలదని, అది బలహీనుల యాయుధమను భావము కలిగించునని, సత్యాగ్రహమను పేరు పెట్టినవాడును ఆయనయే. సత్యాగ్రహి తన సత్యమును ముందుగా ప్రకటించును. బార్టిల్బీ తన సత్యమును చెప్పనే లేదు. ఆయన విడిచిపెట్టిన మాటలో నేమి మిగిలినదో చూడదలచినవారు ఈ కథ చదువవచ్చును.

మెల్విల్ స్వయముగా ఏమి చేసెను? రచనలవలన జీవింపజాలక, 1866 డిసెంబరులో న్యూయార్కు రేవున సుంకపు తనిఖీదారుగా చేరెను. దినమునకు 4 డాలర్లు, వారమునకు ఆరు దినములు. ప్రభుత్వము మారినప్పుడెల్ల ఉద్యోగులను మార్చు దురాచారము ఆ దేశమున నుండెను. హాథార్న్ మహాశయుడు సేలమ్ సుంకపుశాలనుండి 1849లో నట్లే తొలగింపబడెను. మెల్విల్ పందొమ్మిదేండ్లు నిలిచి 1885 డిసెంబరు 31న రాజీనామా యిచ్చెను. ఒల్లనని వ్రాసినవాడు ఒల్లననలేదు. భార్యాబిడ్డలు గలవాడు.

1855 ఏప్రిలులో 'హార్పర్స్' పత్రికయందు మెల్విల్ వ్రాసిన మరియొక కథలో కాగితపుమిల్లున పనిచేయు కన్యకలు కనబడుదురు. కొండలనడుమ మంచులో మిల్లు. చింపిగుడ్డల ధూళి పీల్చుచు, దినమునకు పండ్రెండు గంటలు, నోరుమెదపక పనిచేయుదురు. పెండ్లియైనవారు నిలకడగా రారని అవివాహితలనే తీసికొందురు. యంత్రమునందు పోసిన గుజ్జు తొమ్మిది నిమిషములలో కాగితమై బయటకు వచ్చును. తెల్లని కాగితము, తెల్లని ముఖములు. వారిలో నొక్కతెయు కాదనదు. బార్టిల్బీ వ్రాసి విసిగిన కాగితము పుట్టుచోటు అది. అతని మౌనముపై గ్రంథములు వ్రాసిన విద్వాంసులు వారి మౌనముపై నంతగా వ్రాయలేదు.

మెల్విల్ యింటిలోను లేఖకులుండిరి. 1849లో వెలువడిన 'మార్డీ'కి శుద్ధప్రతి తయారుచేయుటలో భార్య ఎలిజబెత్తు శ్రమించెను. తరువాతి గ్రంథములకు చెల్లెలు ఆగస్టాయు, అక్క హెలెనును నకళ్లు వ్రాసిరి. నూరు మాటలకు 4 సెంట్లన్న లెక్క వారికి లేదు. వారికి ఇష్టమో కాదో యెవ్వరైన నడిగిరో లేదో. ఆగస్టా అవివాహితగానే యుండి 1876లో మరణించెను.

బార్టిల్బీ పూర్వచరిత్రనుగూర్చి వకీలు కథాంతమున నొక వదంతిని మాత్రము చెప్పును: అతడు వాషింగ్టనులో చిరునామాదారు దొరకని ఉత్తరముల కార్యాలయమున గుమాస్తాగా నుండి, ప్రభుత్వము మారగా ఉద్యోగము పోగొట్టుకొనెనట. ఆ ఉత్తరములను ఏరి, తగులబెట్టుట అచ్చటి పని. ఆగస్టా దాచిన కుటుంబపుటుత్తరములు తగులబడలేదు. 1983లో న్యూయార్కు రాష్ట్రమున నొక పాతకొట్టములో నవి బయల్పడినవి. వానితోకూడ 'టైపీ' చిత్తుప్రతిలోని కొన్ని పత్రములును దొరకినవి. ఇప్పుడవి న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీలో నున్నవి.